తాబేలు డిప్ప మెత్తబడుతోంది, అంచులు పైకి లేస్తున్నాయి: కాల్షియం చాలట్లేదా, లైటు తప్పా?

హంటర్‌రోడ్_తాబేలు (హన్మకొండ):
అందరికీ నమస్తే. మా తాబేలు రెడ్ ఇయర్డ్ స్లైడర్ జాతి. డిప్ప పొడవు 9 సెం.మీ., తూకం 130 గ్రాములు. రెండడుగుల గాజు ట్యాంకు, 40 లీటర్ల నీళ్లు. తిండి ఎండు రొయ్యల ప్యాకెట్, వారానికి మూడు నాలుగుసార్లు చికెన్ కీమా. షాపువాళ్లు ఇచ్చిన తెల్ల కాల్షియం బిళ్ల నీళ్లలో పడేసి ఉంది. లైటు 50 వాట్ల స్పాట్ బల్బు, పెట్టె మీద "యూవీఏ ప్లస్ యూవీబీ" అని ఉంది. రోజూ పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా ట్యాంకును కిటికీ దగ్గర ఎండలో పెడుతున్నాం.

అయినా డిప్ప వెనక అంచు వేలితో నొక్కితే వంగుతోంది, పక్క అంచులు పైకి తిరుగుతున్నాయి. ఎండకాగే దిమ్మె ఎక్కేటప్పుడు వెనక కాళ్లు ఈడుస్తోంది. షెల్కాల్ మాత్ర నూరి తిండిలో కలపొచ్చా? ఇంట్లో పెద్దవాళ్లేమో పాన్‌లో వేసే సున్నం నీళ్లలో కలపమంటున్నారు. ఎంత వేయాలి?

పశువైద్యం_జగిత్యాల:
సున్నం చుక్క కూడా వద్దు. పాన్ సున్నం కాల్షియం హైడ్రాక్సైడ్, మంట పుట్టించే క్షారం. తాబేలు కళ్లు, నోరు, చర్మం కాలిపోతాయి. తిండిలో వాడేది కాల్షియం కార్బొనేట్. పేరులో కాల్షియం ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు.

కాళ్లు ఈడుస్తోందంటే ఇంట్లో సర్దుకునే దశ దాటింది, ఎక్స్‌రే తీయించాలి. మామునూరు వెటర్నరీ కాలేజీ మీకు దగ్గర, మా వైపువాళ్లకు కోరుట్ల. వెళ్లేముందు ఫోన్ చేసి, సరీసృపాలను చూసే డాక్టర్ ఏ రోజు ఉంటారో కనుక్కోండి. రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే ఉందని వస్తే సంబరపడొద్దు. తిండి నుంచి కాల్షియం అందనప్పుడు పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల నుంచి, డిప్ప నుంచి లాగి రక్తంలో మట్టం నిలబెడుతుంది. డిప్ప ఖాళీ అవుతున్నా రిపోర్టు బాగానే కనిపిస్తుంది. అందుకే ఎక్స్‌రే అడగమనేది. రక్తంలో కూడా పడిపోయిందంటే కాళ్లు వణకడం, ఫిట్స్ మొదలవుతాయి. అప్పుడు ఆ పూటే తీసుకెళ్లాలి.

షెల్కాల్ 500 మాత్రలో 500 మి.గ్రా. కాల్షియం, దాంతోపాటు 250 యూనిట్ల విటమిన్ డీ3 ఉంటాయి. అది మనిషి లెక్క. 130 గ్రాముల ప్రాణికి అందాజాగా గిల్లి పెట్టే సరుకు కాదు. మింగిన డీ3 కొవ్వులో నిల్వ ఉండిపోతుంది. ఎక్కువైతే కాల్షియం కిడ్నీల్లో, రక్తనాళాల్లో గట్టిపడుతుంది. మోతాదు డాక్టరే రాయాలి. పశువులకు తాగించే కాల్షియం సీసాలూ వద్దు, చాలావాటిలో ఫాస్ఫరస్ కూడా కలిపి ఉంటుంది.

చూపించేదాకా డిప్పను నొక్కి చూడటం ఆపేయండి. చేతిలోకి తీసుకుంటే కింద అరచేయి మొత్తం ఆనించి ఎత్తండి. నీళ్లు తగ్గించండి, ఈదకుండానే మెడ చాచి ఊపిరి తీసుకునేంత లోతు చాలు.

కాజీపేట_లోకో:
తిండి సంగతి వేరేవాళ్లు చెప్తారు, నేను లైటు సంగతి చెప్తా. మీ దగ్గర యూవీబీ సున్నా. మూడు చోట్ల పోతోంది.

ఒకటి, ఆ బల్బు. ఫిలమెంట్ బల్బు గానీ హాలోజన్ గానీ పనికొచ్చేంత యూవీబీ ఇవ్వలేవు, పెట్టె మీద ఏం అచ్చేసినా సరే. వేడికి మాత్రం పనికొస్తుంది. రెండు, గాజు. కిటికీ అద్దం, ట్యాంకు అద్దం రెండూ యూవీబీని ఆపేస్తాయి. మూడు, ఆ టైము. ఏడున్నరలోపు ఎండలో వెలుతురు ఉంటుంది, పనికొచ్చేంత యూవీబీ ఉండదు.

యూవీబీ అంటే 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య కాంతి. అది చర్మంలో ఉండే ఒక రకం కొలెస్టరాల్ మీద పడి ప్రీవిటమిన్ డీ3 తయారవుతుంది. అది డీ3గా మారాలంటే ఒంట్లో వేడి కావాలి. తర్వాత కాలేయం, కిడ్నీ దాన్ని వాడుకునే రూపంలోకి తెస్తాయి. అప్పుడుగానీ పేగు కాల్షియంను సరిగ్గా పీల్చుకోదు. కాంతి, వేడి, కాల్షియం మూడూ ఒకేసారి అందాలి. బిళ్లలు ఎన్ని వేసినా మీ తాబేలుకు ఒరిగేది లేకపోవడానికి కారణం ఇదే.

"యూవీ" పేరుతో ఆన్‌లైన్‌లో దొరికే ఊదారంగు ఎల్ఈడీలు, గోళ్ల రంగు ఆరబెట్టే లైట్లు, దోమల మెషీన్ ట్యూబులు యూవీఏ మాత్రమే ఇస్తాయి. నీళ్ల శుద్ధికి వాడే యూవీసీ ట్యూబు అయితే మరీ ప్రమాదం, తాబేలు కళ్లూ మీ కళ్లూ రెండూ పోతాయి.

బొగ్గుబాయి (గోదావరిఖని):
అన్నా, పొద్దుగాల ఎండనే మంచిదని అందరు అంటరు గదా. చంటిపిల్లలను గూడ ఏడింటికే ఎండకు కూసోబెడ్తరు. నువ్వేమో అండ్ల ఏం లేదంటున్నవ్. మరి తొమ్మిదింటికి మా కాడ మే నెలల బయటికి తీస్తే తాబేలు ఉడికి సస్తది. ఎప్పుడు పెట్టాలె మరి?

కాజీపేట_లోకో:
తమ్మీ, నీ నీడ చూసుకో, మీటర్ అక్కర్లేదు. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు కిరణాలు గాలిలో ఎక్కువ దూరం రావాలి, దారిలోనే ఓజోన్ యూవీబీని తినేస్తుంది. నీడ నీ ఎత్తుకు రెండింతల కంటే పొడుగుంటే ఆ ఎండ వేడికే తప్ప దేనికీ కాదు. నీ ఎత్తుకంటే పొట్టిగా ఉంటే యూవీ గట్టిగా ఉన్నట్టు. మనకు కావాల్సింది ఈ రెండింటి మధ్య.

మన ఓరుగల్లు అక్షాంశం 18 డిగ్రీలు. లెక్క కడితే మే నెలలో ఆ సమయం పొద్దున 7:40 నుంచి 9 దాకా వస్తుంది. డిసెంబర్‌లో దాదాపు 9 నుంచి 11 దాకా. ఖనిలో అయినా కరీంనగర్‌లో అయినా నిమిషాల తేడానే. మేలో 7:40కి పెట్టు, 8:15కల్లా లోపలికి తెచ్చేయ్. అరగంట చాలు, వారానికి మూడు నాలుగుసార్లు. సాయంత్రం కూడా నీడ లెక్క కుదురుతుంది గానీ అప్పటికి డాబా కాలి ఉంటుంది, వద్దు.

ఎండ ఎక్కువై డీ3 ఎక్కువవుతుందన్న భయం అక్కర్లేదు. మోతాదు దాటితే చర్మమే ప్రీవిటమిన్‌ను వేరే పదార్థాలుగా మార్చేస్తుంది. ఆ కాపలా మాత్రలకు లేదు, పైన డాక్టర్‌గారు చెప్పింది అదే. ఎండతో వచ్చే భయం వేడి గురించే.

నిర్మల్_కొయ్య:
డాబా మీద పెట్టేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు. గాజు ట్యాంకును ఎండలో పెట్టకండి. యూవీబీ రాదు, నీళ్లు మాత్రం మరుగుతాయి. ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి, లేత రంగుది, రెండడుగుల వెడల్పు ఉండాలి. ఒక మూల ఇటుకలు పేర్చి పైన షాబాద్ బండ ముక్క వేస్తే ఎండకాగే దిమ్మె తయారు. బండ చెయ్యి పెట్టలేనంత కాలితే అక్కడ తాబేలు కూడా ఉండలేదు. టబ్బులో సగం మీద చెక్క అడ్డం వేసి గట్టి నీడ చేయండి. నీళ్లలో థర్మామీటర్ ఉంచండి. 32 దాటిందంటే లోపలికి తేవాల్సిందే. 40 దగ్గరికి వెళ్తే ప్రాణాలే పోతాయి, చిన్న టబ్బు నీళ్లు ఏప్రిల్, మే ఎండలో ఆ మాత్రం వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు.

పైన అర అంగుళం కన్నాల కోళ్ల జాలీ బిగించండి. కాకి, గద్ద, పిల్లి అన్నీ వస్తాయి, మన దగ్గర అన్నిటికంటే కోతులతో తిప్పలు. జాలీని టబ్బుకు తీగతో కట్టాలి, ఊరికే మూత పెడితే లేపేస్తాయి. ఆకుపచ్చ షేడ్ నెట్ మాత్రం వేయకండి, అది సగానికి పైగా కాంతిని మింగుతుంది. సన్నటి దోమతెర కూడా మూడోవంతు నుంచి సగం దాకా తగ్గిస్తుంది.

చలికాలంలో ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు వాళ్లకు సమస్య తలకిందులు. రాత్రి నీళ్లు 20 కిందికి పడిపోతే తిండి మానేస్తుంది, తిన్నది అరగదు, నిమోనియా పట్టుకుంటుంది. థర్మోస్టాట్ ఉన్న 100 వాట్ల హీటర్ పెట్టి 25 దగ్గర నిలపండి. ఎదిగే పిల్లకు 26 నుంచి 28. హీటర్‌ను కొరకకుండా, తగలకుండా చుట్టూ ప్లాస్టిక్ తొడుగు ఉండాలి.

హంటర్‌రోడ్_తాబేలు:
చాలా థ్యాంక్స్. అపార్ట్‌మెంట్ కాబట్టి రోజూ డాబా కుదరదు. ఏ లైటు కొనాలి, ఎంత ఎత్తులో పెట్టాలి?

కాజీపేట_లోకో:
డబ్బు పెట్టగలిగితే టీ5 హై ఔట్‌పుట్ (హెచ్ఓ) ట్యూబు, 24 వాట్లది, యూవీబీ 10 శాతం లేదా 12 శాతం రకం. పొడవు 55 సెం.మీ., మీ రెండడుగుల ట్యాంకుకు సరిపోతుంది. వెనక అల్యూమినియం రిఫ్లెక్టర్ తప్పనిసరి. మధ్యలో జాలీ లేకుండా తాబేలు వీపు నుంచి 35 నుంచి 40 సెం.మీ. ఎత్తు. జాలీ ఉంటే 25 నుంచి 30. వీపు దగ్గర యూవీ ఇండెక్స్ (యూవీ తీవ్రత కొలత) 3 అటూఇటూ రావడం మన లక్ష్యం. కంపెనీ కాగితంలో దూరాల పట్టిక ఉంటే దాన్నే పాటించండి.

ఇక్కడ చాలామంది బోల్తా పడే చోటు ఒకటుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు టీ5 పట్టీ (ట్యూబు బిగించే ఫిట్టింగ్) 14 వాట్లది. దాని పొడవూ 55 సెం.మీ., పిన్నులూ అవే. 24 వాట్ల ట్యూబు అందులో చక్కగా కూర్చుంటుంది, వెలుగుతుంది కూడా. కానీ 24 వాట్ల ట్యూబుకు 300 మిల్లీ ఆంపియర్ల కరెంటు కావాలి, ఆ పట్టీలో చోక్ ఇచ్చేది 170. యూవీబీ పడిపోతుంది, కంటికి తేడా తెలియదు. నాలుగడుగుల వాటిలో 28 వాట్ల పట్టీ, 54 వాట్ల ట్యూబుదీ ఇదే కథ. చోక్ మీద "24 వాట్ హెచ్ఓ" అని ఉందో లేదో చదివి కొనండి. పట్టీకి ముందు పారదర్శక ప్లాస్టిక్ మూత ఉంటే ఊడదీయండి, అది కూడా యూవీబీని ఆపుతుంది.

బడ్జెట్ తక్కువైతే 26 వాట్ల కాయిల్ రకం యూవీబీ బల్బు. దానికి మరతిప్పే ఈ27 హోల్డర్ కావాలి, మన ఇళ్లలోని పిన్ హోల్డర్ పట్టదు. అడాప్టర్ దొరుకుతుంది. కాయిల్ నుంచి కాంతి ఎక్కువగా పక్కలకు వస్తుంది, కాబట్టి నిలువుగా వేలాడదీయకుండా రిఫ్లెక్టర్ కింద అడ్డంగా పడుకోబెట్టాలి. దూరం 15 నుంచి 20 సెం.మీ. అంతకంటే పైకి వెళ్తే అలంకారమే.

ఏదైనా సరే నెత్తి మీద నుంచే పడాలి. పక్క నుంచి పెడితే కళ్లలో కొడుతుంది, పై నుంచి వచ్చే కాంతికి కనుబొమ దగ్గరి ఎముక అడ్డుపడుతుంది. రోజుకు 10 నుంచి 12 గంటలు, టైమర్ ప్లగ్‌తో. వెలుగుతోంది కదా అని ఏళ్ల తరబడి ఉంచొద్దు. కాయిల్ ఆరు నెలలకు, టీ5 ఏడాదికి మార్చాలి. బిగించిన నెల మార్కర్‌తో పట్టీ మీదే రాయండి.

మీ 50 వాట్ల స్పాట్ పారేయకండి. యూవీబీ పక్కనే పెట్టి రెండు కాంతులూ ఒకే చోట పడేలా చూడండి. దిమ్మె మీద 32 నుంచి 35 డిగ్రీలు రావాలి. గొలుసుతో పై నుంచి కట్టండి. క్లిప్పు ఎప్పుడో జారుతుంది, నీళ్లలో పడితే షాక్. వేడి బల్బు మీద నీళ్లు చిలికినా పగులుతుంది. మేలో గదే 38 ఉన్నప్పుడు స్పాట్ ఆపేయండి, యూవీబీ మాత్రం ఆపకండి. రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు పెట్టమనేది అందుకే.

మానేరు_గట్టు (కరీంనగర్):
ఇప్పుడు గిన్నె సంగతి. తిండిలో కాల్షియం ఫాస్ఫరస్‌కు ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. 100 గ్రాముల చికెన్ కండలో ఫాస్ఫరస్ 200 మి.గ్రా. దరిదాపు, కాల్షియం 10, 15 మి.గ్రా. అంటే తలకిందులు. కీమా పెట్టిన ప్రతిసారీ కాల్షియం ఇవ్వకపోగా ఉన్నది తీసేస్తున్నారు. దాన్ని రెండింతలకు తేవాలంటే 400 మి.గ్రా. కాల్షియం కలపాలి. అంటే 100 గ్రాముల కీమాకు ఒక గ్రాము కాల్షియం కార్బొనేట్.

ఆ ఒక గ్రాము కోడిగుడ్డు పెంకులోనే ఉంది. పెంకు పది నిమిషాలు ఉడకబెట్టి, లోపలి పొర తీసేసి, బాగా ఆరబెట్టి, మిక్సీలో పిండిలా పట్టి, గుడ్డలో జల్లించండి. రవ్వలా ఉంటే తినదు. ఒక గుడ్డు పెంకు దాదాపు 5 గ్రాములు, అందులో కాల్షియం 2 గ్రాముల దాకా. చెంచాతో అంచనా వేయకుండా నగల తూకం యంత్రం వాడండి.

కాకపోతే కీమా రోజువారీ తిండి కాదు. మంచి తాబేలు పెల్లెట్స్ ప్రధాన తిండిగా పెట్టుకోండి. ప్యాకెట్ వెనక చూసి, ఫాస్ఫరస్ కంటే కాల్షియం ఎక్కువ ఉన్నదే తీసుకోండి. ఒక పూటకు దాని తల పరిమాణమంత చాలు. ఎండు రొయ్యలు చిరుతిండి, వాటితోనే పెంచితే విటమిన్ ఏ కూడా అందదు. కళ్లు ఉబ్బి మూసుకుపోయే రోగం దానివల్లే ఎక్కువ. అప్పుడు జనం కాల్షియం పోస్తుంటారు, రోగం ఒకటి మందు ఒకటి.

చిన్న పరకలు తల, ముల్లుతో సహా పెట్టడం చాలా మంచిది, ముల్లులోనే కాల్షియం. పచ్చివి రోజూ వద్దు. ఆ జాతి చేపల్లో విటమిన్ బీ1ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, ఐదు నిమిషాలు ఉడికిస్తే పోతుంది. ఉప్పు చేపలు అసలే వద్దు.

కటిల్ బోన్ (కటిల్ ఫిష్ లోపలి తెల్ల పెంకు) తెప్పించుకోండి, పిట్టల షాపుల్లో ఉంటుంది. వెనక గట్టి పెచ్చు కత్తితో ఒలిచేసి, మూడు నాలుగు సెం.మీ. ముక్క నీళ్లలో తేలేయండి. కావాలనుకున్నప్పుడు కొరుకుతుంది. ముట్టుకోకపోతే తురిమి తిండిలో కలపండి. నీళ్లలో కరిగే తెల్ల బిళ్ల తీసి పడేయండి. నీళ్లు గరుకెక్కి తెల్లబడటం తప్ప తాబేలు కడుపులోకి పోయేది లెక్కలోకి రాదు.

బొగ్గుబాయి:
ఆకుకూరలు ఏం పెట్టాలె? మా ఇంట్ల పాలకూర, గోంగూర మస్తు వస్తయి.

మానేరు_గట్టు:
రెండూ వద్దు తమ్మీ. పాలకూర, గోంగూర, తోటకూర, బచ్చలి, చామాకుల్లో ఆక్సలేట్ ఎక్కువ. కాల్షియంను పట్టుకుని పేగు దాటనీయదు. మునగాకు మొదటి మాట, తర్వాత మెంతికూర. కాడలు తీసేసి ఆకు తేలేయాలి. అజొల్లా (నీళ్ల మీద తేలే చిన్న మొక్క) ఒక తొట్టిలో పెంచుకుంటే ఖర్చు లేదు. పిల్లలు ఆకు ముట్టవు, పెద్దవుతున్న కొద్దీ తింటాయి. మొండికేస్తే ఇది చేసి చూడు:

ఉడికించిన పరకలు 200 గ్రాములు, మునగాకు 60, ఉడికిన క్యారెట్ 40, అన్నీ కలిపి మెత్తగా రుబ్బాలి. ముళ్లు ఉన్నాయి కాబట్టి పెంకు పొడి ఒక గ్రాము చాలు. విడిగా 200 మి.లీ. నీళ్లలో 6 గ్రాముల చైనాగ్రాస్ పొడి వేసి రెండు నిమిషాలు మరిగించి, వేలు పెట్టగలిగేంత చల్లారాక కలిపేసి పళ్లెంలో పోయాలి. మరీ చల్లారితే గిన్నెలోనే గడ్డకడుతుంది. సెంటీమీటర్ ముక్కలు కోసి ఫ్రీజర్లో నెల దాకా ఉంచొచ్చు. చాలామంది జెలటిన్ వాడమంటారు. మన ఎండాకాలం నీళ్లలో అది కరిగి ట్యాంకంతా గంజి అవుతుంది, చైనాగ్రాస్ నిలబడుతుంది. పెట్టిన ఇరవై నిమిషాలకు మిగిలింది తీసేయ్.

నిర్మల్_కొయ్య:
ఒక చిన్న సంగతి. డిప్ప మీద తెల్లటి పొర చూసి కాల్షియం లోపం అనుకుంటారు కొందరు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అది ఉప్పు పొర. ఒళ్లు ఆరినప్పుడు సుద్దలా కనిపిస్తుంది, కింద డిప్ప గట్టిగా ఉంటుంది. మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలావరకు పోతుంది. మెత్తగా గుంట పడినా, వాసన వచ్చినా అది పుండు, అది వేరే.

ఇంకొకటి, దిమ్మె. లైటు ఎంత మంచిదైనా తాబేలు పూర్తిగా నీళ్ల పైకి వచ్చి ఒళ్లు ఆరబెట్టుకోవాలి, నీళ్లలో దిగేకొద్దీ యూవీబీ తగ్గిపోతుంది. షాపు ప్లాస్టిక్ దీవులు బరువుకు మునుగుతాయి. ఇప్పుడు కాళ్లు పని చేయట్లేదు కాబట్టి ఏటవాలు బాగా తక్కువగా, గరుకుగా ఉండాలి.

కరీంనగర్_కొత్త:
మా దగ్గర నక్షత్ర తాబేలు ఉంది, కలిసొస్తుందని ఎవరో ఇచ్చారు. దీనికీ ఇదే లైటా?

నిర్వాహకుడు:
దాని పెంపకం గురించి ఇక్కడ చర్చించం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరం, ఎవరిచ్చినా సరే. అటవీశాఖకు అప్పగించండి. అడవిలో మీరే వదలకండి. స్లైడర్లు ఉన్నవాళ్లకు కూడా ఒక మాట: విసుగొస్తే భద్రకాళి చెరువులోనో మానేరు డ్యాంలోనో వేయొద్దు. అవి అమెరికా జాతి, ఇక్కడి తాబేళ్ల తిండీ చోటూ లాక్కుంటాయి.

హంటర్‌రోడ్_తాబేలు:
మామునూరుకు ఫోన్ చేశాను, రేపు రమ్మన్నారు. ఆర్డర్ పెట్టబోయేవి: 24 వాట్ల టీ5 12 శాతం, హెచ్ఓ చోక్ ఉన్న పట్టీ, రిఫ్లెక్టర్, టైమర్, కటిల్ బోన్, పెల్లెట్స్, హీటర్. డీ3 ఉన్న కాల్షియం పొడి కూడా తీసుకోవాలా? ట్యూబు ట్యాంకు మధ్యలో పెడతాను. డిప్ప మళ్లీ సమంగా అవుతుందా?

పశువైద్యం_జగిత్యాల:
డీ3 లేని పొడే తీసుకోండి. యూవీబీ వస్తుంది, పెల్లెట్స్‌లో డీ3 ఎలాగూ ఉంటుంది. రేపు డాక్టర్ డీ3 ఇస్తే ఆ లెక్క ఆయన చూసుకుంటారు, మీరు వాడుతున్నవన్నీ ప్యాకెట్లతో సహా చూపించండి. తాబేలును నీళ్లలో వద్దు, తడిగుడ్డ పరిచిన, గాలి కన్నాలున్న డబ్బాలో తీసుకెళ్లండి. గట్టిపడటానికి నెలలు పడుతుంది. పైకి తిరిగిన అంచులు వెనక్కి రావు, కొత్తగా పెరిగే భాగం సమంగా వస్తుంది.

కాజీపేట_లోకో:
ట్యూబు మధ్యలో వద్దు. ఒక కొస దిమ్మె మీదికి, స్పాట్ పక్కకి జరపండి, రెండో కొస నీళ్ల మీద ఉండనివ్వండి. అప్పుడు ఎంత కాంతి కావాలో అది జరిగి తీసుకుంటుంది. ట్యూబు కింద మూలన ఒక చెక్క అడ్డం పెట్టి పూర్తి నీడ కూడా ఉంచండి. టైమర్ కొనేటప్పుడు బ్యాటరీ బ్యాకప్ ఉందో లేదో చూడండి. చక్రం తిరిగే రకం కరెంటు పోయినంతసేపు ఆగిపోతుంది, వారం తిరిగేసరికి అర్ధరాత్రి లైటు వెలుగుతుంటుంది.